రెండో ల్యాబ్ మెషీన్లు ఎందుకు ఆగిపోయేవి

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ కోర్సు చేయాలి, ఏ టూల్ నేర్చుకోవాలి అని అడుగుతారు. వాటి గురించి నాకు తెలిసింది తక్కువ. నేను చేసిన రోజుల్లో ఈ పనికి మా వైపు పేరు కూడా లేదు. అది అసలు ఎలాంటి పనో మాత్రం చెప్పగలను. అందుకే ఇది రాస్తున్నాను.

ఇరవై ఏళ్ళకు పైగా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పనిచేసి, ముందుగానే రిటైరై, భీమవరం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబుల ఇన్‌చార్జిగా చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మెషీన్లు నడిచేలా చూడడం నా ఉద్యోగం. అందులోంచే ఇంకో పని పుట్టింది. ఏ వెబ్ పేజీ తెరిస్తే బ్రౌజర్ కంప్యూటర్ మొత్తాన్నీ తినేసి కూర్చుంటుందో కనిపెట్టడం, ఎందుకు తింటుందో తేల్చడం, ఆ బ్రౌజర్ తయారుచేసినవాళ్ళకి రాయడం.

పేపర్లలో వచ్చే లోపాలు వేరే రకం. ఎవరో దూరిపోవడం, పాస్‌వర్డ్‌లు పోవడం లాంటివి. నేను వెతికినవి ఎవరిదీ ఎత్తుకుపోవు. మౌస్ బాణం నిలబడిపోతుంది, కీబోర్డు పలకదు, అంతే. అందుకే వీటిని ఎవరూ లోపాలనుకోరు. "సిస్టం హ్యాంగయిందండి" అని బటన్ నొక్కి మళ్ళీ మొదలుపెడతారు. ఆ బటన్ నొక్కిన క్షణంలో సాక్ష్యం పోతుంది. హ్యాంగయితే వెంటనే రీస్టార్ట్ చేయమని మా ల్యాబ్ స్టాఫ్‌కి నేర్పింది నేనే. మొదటి రెండేళ్ళూ నేను చేసిన తప్పుల్లో అదొకటి.

చిన్న మొక్క, పెద్ద కుండీ

నాకు ఈ పని అర్థమైంది కడియం నర్సరీ యజమాని వెంకట్రావు గారి వల్ల. కాలేజీ ముందు తోటకి మొక్కలు దింపించడానికి వచ్చి, కంప్యూటర్ల మనిషినని తెలిసి నా గదికి వచ్చారు.

"మన నర్సరీ పేజీ తెరిస్తే బెంగళూరు పార్టీ కంప్యూటరు బిగుసుకుపోతోందటండి. నేనేదో చేతబడి చేయించినట్టు మాట్లాడుతున్నాడు."

"ఫొటోలు పెద్దవేమోనండి."

"అబ్బే. పైన మందారం ఒక్కటేనండి. ఇంతుంటుంది" అని బొటనవేలి గోరు చూపించారు.

నా మెషీన్ మీద తెరిచాను. అదీ బిగుసుకుపోయింది. ఫొటో నిజంగానే చిన్నది. కానీ పేజీ తయారుచేసినతను వెడల్పు అంకె దగ్గర వేలు ఎత్తడం మరిచిపోయినట్టున్నాడు, సున్నాలు వరసగా పడ్డాయి. మొక్క చిన్నదే, దానికి ఊరంత కుండీ కావాలని పేజీ అడిగింది. బ్రౌజర్ కాదనకుండా మట్టి మోయడం మొదలుపెట్టింది.

విషయం చెప్తే వెంకట్రావు గారు, "అయితే తప్పు పేజీ చేసినవాడిదా, బ్రౌజర్ వాళ్ళదా?" అన్నారు.

"ఇద్దరిదీనండి. వాడు అలా అడక్కూడదు, వీళ్ళు అలా ఇవ్వకూడదు."

"ఇద్దరిదీ అంటే ఎవడూ ఒప్పుకోడండి" అని లేచి వెళ్ళిపోయారు.

తర్వాత నేను పట్టుకున్న లోపాలన్నీ ఆ అడగడం, ఇవ్వడం చుట్టూనే తిరిగాయి. పేజీ ఏదైనా అడుగుతుంది. ఎంతవరకు ఇవ్వాలో బ్రౌజర్‌కి తెలిసి ఉండాలి. తెలియనిచోట లోపం ఉంది.

రిజిస్టర్ చెప్పింది

నాకు రాసుకునే అలవాటు చిన్నప్పటి నుంచి ఉంది. హైస్కూల్లో మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ ఆపలేదు. కాలేజీలో కూడా ఒక రిజిస్టర్ పెట్టాను. ఏ మెషీన్ ఆగినా అందులో ఎక్కాలి. గళ్ళు నేనే గీశాను: తేదీ, టైము, మెషీన్ నంబరు, డ్యూటీలో ఉన్నవారు, చేసిన పని. ఎక్స్ఛేంజీలో కంప్లైంటు స్లిప్పులు ఇలాగే ఉండేవి, అవే గళ్ళు ఇక్కడికి తెచ్చాను.

మాకు రెండు ల్యాబులు. మొదటి దాంట్లోనే నా బల్ల. రెండో ల్యాబ్‌లో పొద్దున శ్రీనివాస్, మధ్యాహ్నం నాగమణి డ్యూటీ చేసేవారు. ఇంటర్నెట్ రోజంతా ఉండేది. నేను రోజూ భోజనం తర్వాత రెండో ల్యాబ్‌కి రౌండుకి వెళ్ళేవాణ్ణి. ఒక్కో మెషీన్ చూసుకుంటూ ఇరవై నిమిషాలు ఉండేవాణ్ణి.

ఆ ఏడు సంక్రాంతి సెలవులు అయిన దగ్గర్నుంచి రెండో ల్యాబ్‌లో మెషీన్లు ఆగడం మొదలైంది. రోజుకి రెండు, ఒక్కోరోజు ఐదు. అన్నీ మధ్యాహ్నమే. శ్రీనివాస్ డ్యూటీలో ఒక్కటీ లేదు. నేను ఎదురుగా ఉండగా కూడా ఒక్కటీ ఆగలేదు, నేను వెళ్ళాక ఆగేవి. నెలన్నర అయ్యేసరికి నాలుగో గడి నిండా నాగమణి పేరే. పేజీ అడుగున ఇలా రాశాను: "మధ్యాహ్నం డ్యూటీలో నిర్లక్ష్యం ఉన్నట్టు కనిపిస్తోంది." కింద సంతకం.

నాగమణి మొగల్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. బీఎస్సీ కంప్యూటర్స్. ఇంట్లో నెల జీతం వచ్చేది ఆమె ఒక్కరికే. ఉద్యోగం కాంట్రాక్టు మీద, ఏటా మార్చి ఆఖరికి మళ్ళీ రాసేవారు. తక్కువ మాట్లాడేది. నేను ల్యాబ్‌లో ఉన్నంతసేపూ గుమ్మం పక్కన నిలబడే ఉండేది.

మా కాలేజీ కరస్పాండెంటుని అందరూ రాజుగారనేవారు. కాలేజీ పెట్టకముందు రొయ్యల చెరువులు, పెట్టాక కూడా రొయ్యల చెరువులు. ఏ విషయమైనా చెరువు మీదుగానే ఆలోచించేవారు. రిజిస్టర్ తెప్పించుకుని చూసి నన్ను పిలిచారు.

"చెరువులో రొయ్య తేలితే ముందు కాపలావాణ్ణే చూస్తాం మాస్టారూ. ఆ అమ్మాయికి మార్చి తర్వాత మళ్ళీ రాయొద్దని ఆఫీసులో చెప్పేశాను. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో కూడా ఈ ముక్క వేస్తారు."

"సర్టిఫికెట్‌లో కూడానా అండి?"

"మీరు రాసిందే కదండీ. మీ పుస్తకంలో ఉందంటే ఇక నేను వేరే అడిగేదేముంది?"

రిజిస్టర్ తీసుకుని వచ్చేశాను. ఆ ముక్క సర్టిఫికెట్ మీద ఉంటే చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ ఆమెకి ఉద్యోగం రాదు. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

రెండు పుస్తకాలు

నాకు అప్పటికి నా రిజిస్టర్ మీద అనుమానం లేదు. ఒక మనిషి సర్టిఫికెట్ మీదికి ఎక్కే మాట కనుక ఎన్ని రోజులు, ఎన్నిసార్లు అన్నది సరిగ్గా ఉండాలనుకున్నాను, అంతే. ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక రిజిస్టర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో మూడు పనిదినాలు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజుల్లో ఒక్క మెషీనూ ఆగలేదు. నాగమణి సెలవు పెట్టిందేమో అని రిజిస్టర్‌లో పెట్టుకున్న హాజరు కాగితం చూశాను. మూడు రోజులూ వచ్చింది.

అప్పుడు నా డైరీ తీశాను. మొదటి తేదీన బంధువుల ఇంట్లో అన్నప్రాసనకి వెళ్ళాను. రెండోది శివరాత్రి మర్నాడు, పట్టిసీమ నుంచి తిరిగి రావడం ఆలస్యమై సెలవు పెట్టాను. మూడో రోజు పన్ను పీకించుకున్నాను.

నా భార్య వచ్చి చూసి, "ఏంటండీ, అలా ఉండిపోయారు?" అంది.

"నేను కాలేజీకి వెళ్ళని రోజు ఒక్క మెషీనూ ఆగలేదు."

"అయితే మానేయండి. కాలేజీ బాగుపడుతుంది."

ఆమె హాస్యానికే అంది. నేను మాత్రం ఆ మాటని డైరీలో రాసుకున్నాను, ఎందుకంటే అంతవరకు ఆ కేసులో ఎవరైనా అన్న సరైన మాట అదొక్కటే.

లేస్తూ లేస్తూ

సోమవారం మధ్యాహ్నం రెండో ల్యాబ్ గుమ్మం దగ్గర, లోపలికి అడుగుపెట్టే ముందు, ఒక నిమిషం తలుపు అద్దంలోంచి చూశాను. తర్వాత లోపలికి వెళ్ళాను. అందరూ లేచి "గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్" అన్నారు. రోజూ జరిగేదే. ఆ రోజు మాత్రం వాళ్ళ మొహాలు కాక చేతులు చూశాను. లేస్తూ లేస్తూ ప్రతివాళ్ళూ కుడిచేత్తో మౌస్ ఒక్కసారి నొక్కుతున్నారు. ముందున్న పేజీ కిందకి వెళ్ళిపోయి, వెనక క్లాసులో ఇచ్చిన సీ లాంగ్వేజి ప్రోగ్రాం కనిపిస్తోంది.

పెద్దవాళ్ళొస్తే లేవడం, చేస్తున్నది పక్కన పెట్టడం మా వైపు పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేనది మర్యాద అనుకునేవాణ్ణి. మర్యాదే.

ముందు వరసలో ఒకమ్మాయిని అడిగాను. "అడుగున ఉన్నదేంటమ్మా, పైకి తియ్యి."

"ప్రోగ్రామేనండి సార్."

"దాని పక్కది."

"స్కోరండి సార్."

"ఎంతకి ఎన్ని?"

"ఆరు వికెట్లకి నూట ఎనభై నాలుగండి."

వెనకెవరో "ఏడండి సార్, ఇప్పుడే పడింది" అన్నాడు. అందరూ నవ్వారు.

ఎవరి మీదా కంప్లైంటు రాయనని చెప్పి, ఎవరూ ఏదీ మూయొద్దన్నాను. ఒక మెషీన్ ముందు కూర్చుని, దాని సామర్థ్యం ఎంత మిగిలిందో శాతంలో చూపించే చిన్న మీటర్ తెరిచాను. క్రికెట్ స్కోరు పేజీ కింద దాగి ఉంది. మీటరు ఎనభై దగ్గర మొదలై నిమిషానికి మూడు చొప్పున దిగింది. పేజీని పైకి తీస్తే దిగడం ఆగింది. మళ్ళీ కిందకి పంపితే మళ్ళీ దిగింది. పేజీ కింద ఉన్న నిమిషాలు మాత్రమే లెక్కేస్తే, ఇరవై ఏడో నిమిషంలో మౌస్ బాణం నిలబడిపోయింది.

సంక్రాంతి తర్వాత మ్యాచ్‌లు మొదలైనప్పటి నుంచి, పొద్దున శ్రీనివాస్ డ్యూటీలో కూడా పిల్లలు స్కోర్లు చూసేవారు. ఆ టైముకి నేను రాను కనుక ఎవరూ దాచేవారు కాదు. మొదటి ల్యాబ్‌లో నేనే కూర్చుని ఉంటాను కనుక ఎవరూ తెరిచేవారే కాదు. నా రౌండులో పేజీలు కింద ఉండి మెషీన్లని తినేవి. మళ్ళీ వస్తానేమోనని, నేను అవతలికి వెళ్ళినా వెంటనే ఎవరూ పైకి తీసేవారు కాదు, కాసేపటికి మెషీన్లు ఆగిపోయేవి. నాగమణి వచ్చి రీస్టార్ట్ చేసి, నేను చెప్పినట్టే తన పేరు పక్కన రాసేది.

సగం తీసి చూడడం

పేజీలో ఏ ముక్క వల్ల ఇది జరుగుతోందో తేల్చకపోతే ఇదంతా ఊహే. టెలిఫోన్ కేబుల్‌లో ఫాల్ట్ వస్తే కిలోమీటర్లకొద్దీ తవ్వరు. మధ్యలో ఒకచోట విప్పి, ఏ సగంలో ఉందో చూస్తారు. మళ్ళీ ఆ సగంలో సగం. పేజీని నా మెషీన్‌లోకి దించుకుని అదే చేశాను. సగం తీసేసి అరగంట చూడడం, ఫలితం రాసుకోవడం. ఒక్కో ప్రయత్నానికి అరగంట. మూడు రోజులు పట్టింది. ఈ పనిలో తెలివికన్నా కూర్చునే ఓపిక ఎక్కువ కావాలని అప్పుడే నాకు తెలిసింది. ఇప్పటి టూల్స్‌తో ఇది నిమిషాల పని అంటారు. కావచ్చు.

చివరికి పేజీ కోడ్‌లో తొమ్మిది వరసలు మిగిలాయి. పేజీ పైన ఒక వాక్యం కుడి నుంచి ఎడమకి జరుగుతూ ఉంటుంది, దాన్ని పేజీ ప్రతి సెకనూ కొత్తగా రాస్తుంది. కంటికి కనిపిస్తున్నంతసేపూ బ్రౌజర్ కొత్తది గీసి పాతది పారేస్తుంది. పేజీ కిందకి వెళ్ళాక గీసే పని లేదు కనుక, తర్వాత చూద్దామని ఒక్కోటీ దాచుకుంటూ పోతుంది. పెళ్ళిలో ఆకులు ఎత్తేవాళ్ళు లేకుండా పంక్తి మీద పంక్తి వేస్తూ పోతే ఏమవుతుందో అదే అయింది.

రాజుగారి రౌండు

నెలాఖరు ఇంకో వారం ఉందనగా రాజుగారి గదికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన సాంతం విన్నారు.

"నేనొస్తే కంప్యూటర్లు ఆగిపోతాయంటారా మాస్టారూ?"

"మీరైనా ఒకటే, నేనైనా ఒకటేనండి. వాళ్ళు లేచి నిలబడేలా చేసేవాళ్ళు ఎవరైనా చాలు."

"పదండి చూద్దాం."

పిల్లలకి ముందుగా ఏమీ చెప్పలేదు. ఆ రోజు కూడా మ్యాచ్ ఉంది. రాజుగారు లోపలికి రాగానే నాకు లేచినదానికన్నా త్వరగా లేచారు. చేతులు చూడమన్నాను. చూశారు. కుర్చీలు వేయించుకుని వెనక కూర్చున్నాం. కాఫీ వచ్చింది. ఆయన చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల గురించి, రొయ్యపిల్లల సీడు గురించి చెప్తూ ఉన్నారు. కాఫీ తాగడం అయి చాలాసేపటికి ఏడో నంబరు మెషీన్ ఆగింది. తర్వాత పన్నెండోది. తర్వాత పక్కపక్కన రెండు.

"చెరువులో ఆక్సిజన్ పడిపోయినట్టుందండి. పైకి నీళ్ళు బాగానే కనిపిస్తాయి" అన్నారు.

"సరిగ్గా అదేనండి."

"అయితే ఆ అమ్మాయి తప్పు లేదు."

"లేదండి."

"మరి పుస్తకంలో రాసింది మీరే కదండీ."

"నేనేనండి. తప్పు రాశాను."

ఆయన గుమ్మం దగ్గరున్న నాగమణి వైపు చూసి, "ఆఫీసులో చెప్తాను, మళ్ళీ రాస్తారు" అన్నారు. బయటికొచ్చాక, "ఇది జిల్లా పేపర్లో వేయిస్తే కాలేజీకి పేరొస్తుంది కదా మాస్టారూ" అన్నారు. బ్రౌజర్ వాళ్ళు సరిచేయకముందే వేయిస్తే, మెషీన్లు ఎలా ఆపాలో ఊరందరికీ నేర్పినట్టవుతుందని చెప్పాను. ఆయనకి నచ్చలేదు గానీ వేయించలేదు. ఆయన్ని గురించి ఒకటి చెప్పాలి. తొందరపడి నిర్ణయం తీసుకునేవారు, కానీ కళ్ళతో చూశాక మార్చుకోవడానికి నామోషీ పడేవారు కాదు. నేను పనిచేసిన పై అధికారుల్లో చాలామందికి ఈ రెండోది లేదు.

ఉత్తరం

బ్రౌజర్ కంపెనీకి రాసిన సంగతి తర్వాతిదే అయినా ఇక్కడే చెప్పేస్తాను. మొదటి ఉత్తరం ఇంగ్లీషులో పేజీన్నర రాసి ఈమెయిల్‌లో పంపాను. నమస్కారం, నేనెవరో, మా కాలేజీ ఎక్కడుందో, మీ సమయం తీసుకుంటున్నందుకు మన్నించమనీ, మా మెషీన్ల వివరాలూ. పేజీని మినిమైజ్ చేయాలన్న మాట ఉత్తరం చివర్లో ఎక్కడో వచ్చింది. పేజీ తెరిచి గంటసేపు చూశామనీ, ఏమీ కాలేదనీ జవాబు వచ్చింది. చూస్తూ కూర్చుంటే ఏమీ కాదు మరి.

రెండోసారి మొదటి వాక్యమే ఇలా రాశాను: "పేజీ తెరిచి, మినిమైజ్ చేసి, అరగంట దాని జోలికి పోకండి." నాలుగో రోజున జవాబు వచ్చింది. కొన్ని నెలల తర్వాత వచ్చిన కొత్త వెర్షన్‌లో ఆ లోపం లేదు. మర్యాదలు చివర రాయండి. అవతలివాడు చదవడం ఆపేసేలోపు చెప్పాల్సింది చెప్పేయాలి.

రిజిస్టర్ గళ్ళు కూడా మార్చాను. డ్యూటీలో ఉన్నవారి గడి తీసేశాను. ఏ పేజీ తెరిచి ఉంది, అది కనిపిస్తోందా కింద ఉందా, దగ్గరున్నవాళ్ళు ఏం చూశారు అన్నవి పెట్టాను. పట్టిక మీరు పెట్టిన గళ్ళకే జవాబు చెప్తుంది. మనుషుల పేర్లకి గడి పెట్టి పేజీకి పెట్టకపోతే అది మనిషినే పట్టిస్తుంది. రాత ఎంత నీటుగా ఉంటే అంత నమ్మకంగా పట్టిస్తుంది.

నాగమణి

రాజుగారు వచ్చి వెళ్ళిన మర్నాడు నాగమణి డ్యూటీకి రాగానే చెప్పాను. "నీ కాంట్రాక్టు మళ్ళీ రాస్తున్నారమ్మా. మెషీన్లు ఆగడానికి కారణం నువ్వు కాదని తేలింది."

"నాకు తెలుసండి సార్."

"ఏం తెలుసు?"

"మీరొచ్చినప్పుడు అందరూ కిందకి నొక్కేస్తారండి. మీరు వెళ్ళిన కాసేపటికి ఆగుతాయండి. ఎందుకో తెలీదు గానీ, రోజూ అంతేనండి."

"మరి నాతో అనలేదేం?"

"మీరు అడగలేదు కదండీ." మళ్ళీ తనే అంది. "అయినా, మీరొచ్చి వెళ్తే మెషీన్లు పాడవుతున్నాయండి అని మీతో ఎలా అంటానండి?"

నాకు మూడు రోజులూ, రెండు పుస్తకాలూ, ఒక మీటరూ పట్టిన విషయంలో సగం ఆమెకి నెలన్నర నుంచీ తెలుసు. నేను రోజూ ఇరవై నిమిషాలు ఆమెకి పది అడుగుల దూరంలో నిలబడి రాసుకుంటూ ఉన్నాను.

రిజిస్టర్‌లో తన గురించి రాసిన పేజీ చూడొచ్చా అని అడిగింది. ఇచ్చాను. తన పేరు ఉన్న వరసలన్నీ వేలు పెట్టి చదివింది. అడుగున నేను రాసిన వాక్యం దగ్గర వేలు ఆగింది. దాని కింద సవరణ రాస్తానని చెప్పి అక్కడే రాశాను: "విచారణలో మధ్యాహ్నం డ్యూటీవారి నిర్లక్ష్యం లేదని తేలింది."

చదివి, పుస్తకం నా వైపు తిప్పింది.

"నాది కాదని రాశారండి. ఎవరిదో రాయలేదేంటండి?"

"ఎవరిదీ కాదమ్మా. బ్రౌజర్‌లో లోపం."

"మెషీన్లు ఆగింది బ్రౌజర్ వల్లేనండి. నా పేరు రాసింది బ్రౌజర్ కాదు కదండీ."

గొంతు పెంచలేదు. నేను కలం మూత మళ్ళీ తీసి ఇంకో వరస రాశాను: "పైన చెప్పిన నిర్లక్ష్యం, విచారించకుండా పేరు రాసిన ల్యాబ్ ఇన్‌చార్జిది." కింద పూర్తి పేరుతో సంతకం చేసి తేదీ వేశాను.

ఆమె ఆ వరస రెండుసార్లు చదివింది. "సరేనండి" అంది. తర్వాత, "పది నిమిషాలు ల్యాబ్ చూస్తారా అండి, జిరాక్స్ తీయించుకుని వస్తాను" అని రిజిస్టర్ చంకలో పెట్టుకుని గేటు బయటి షాపుకి వెళ్ళింది. రెండు కాపీలు తెచ్చింది. ఒకటి ఆఫీసులో తన ఫైల్లో పెట్టించింది. రెండోది మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.